అరువు ముక్కు

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా వీధిలో అందరూ అంటారు. అననివ్వండి. ఇరవై రెండేళ్ళుగా నేను బతికిందే ముక్కు మీద, కోపం పెట్టుకోవడానికి వేరే చోటెక్కడుంది? యార్డులో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మేస్త్రి మొదలుకొని గేటు కాపలావాడి దాకా అందరికీ నేను ముక్కమ్మనే.

మాది ప్లాస్టిక్ ఏరే యార్డు. ఓడల మీద ఇనప పెట్టెల్లో సరుకొస్తుంది. సరుకంటే ఏదో అనుకునేరు. ఎక్కడో కలిగిన దేశాల వాళ్ళు తిని, తాగి, తుడుచుకుని పారేసిన డబ్బాలు, సీసాలు, మూతలు, సంచులు. వాటన్నిటినీ అణగదొక్కి, తీగలతో బిగించి, బీరువాలంతేసి కట్టలు కట్టి పంపుతారు. ప్రతి కట్ట మీదా ఒక పచ్చటి ఆకు బొమ్మ ఉంటుంది. పనిలో చేరిన రోజున ఆ ఆకు చూసి లోపల కూరగాయలేమో అనుకున్నాను. ఆ మాట చెప్పి మేస్త్రి ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాడు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఆ డబ్బాల్లో చాలావాటిని శుభ్రంగా కడిగి మరీ పంపుతారు. అవతల ఎవరో ఇల్లాలు సబ్బు పెట్టి తోమి, తుడిచి, ఆరబెట్టి పారేసిందన్న మాట. పారేసేదాన్ని తోమే మనుషుల గురించి నేను అంతకు ముందు వినలేదు.

కట్ట విప్పాక అసలు పని. చూడటానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి గానీ, ఒక జాతిది ఇంకో జాతితో కలిపి కరిగించకూడదు. ఏది ఏ జాతో చెప్పడం నా పని. కత్తితో చిన్న పీలిక కోసి, లైటరుతో అంటించి, ఉఫ్ అని ఆర్పి, లేచిన పొగ పీల్చాలి. కొవ్వొత్తి ఆర్పిన వాసన వస్తే అది మైనం. పంచదార మాడినట్టుంటే తీపి. ముక్కులో సూది దిగినట్టుంటే ఘాటు. ఇవి మా యార్డు పేర్లు. అసలు పేర్లు పెద్ద పెద్దవి ఉన్నాయట, వాటి అవసరం మాకు రాలేదు. మైనంలో గుప్పెడు ఘాటు కలిసిందా, అంతే సంగతులు. కరిగించే మిషను లోపల తుప్పు పట్టిపోతుంది, తెల్లగా రావాల్సిన గింజలు నల్లగా వస్తాయి. ఆ గింజలు మళ్ళీ ఓడెక్కి వాళ్ళ దేశాలకే పోవాలి. వాళ్ళు నల్లవి తీసుకోరు. తెల్లటి గింజలు వాళ్ళకి, నల్లటి పొగ మాకు. అలా పంచుకున్నామన్న మాట.

రోజుకి మూడు వందల పొగలు, సరుకు ఎక్కువైతే నాలుగు వందలు. పొద్దున్నే తల తిరిగేది, సాయంత్రానికి గొంతు మండేది. అయినా నా పీట మీద నాకు ఎంత గర్వమో చెప్పలేను. మిగతా ఆడవాళ్ళంతా కడిగే తొట్లలో పిక్కల దాకా మురికినీళ్ళలో నిలబడతారు. నేను రేకుల కింద నీడలో, పొడిగా, పీట మీద కూర్చుంటాను. కళ్ళు మూసుకుని మరీ చెప్పేదాన్ని. పక్క యార్డు వాళ్ళు అనుమానం వస్తే ముక్కలు సంచిలో వేసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. చదువుకోని దానికి అంతకంటే పెద్ద పట్టా ఏముంటుంది చెప్పండి.

పోయిన ఏడాది ఒక రోజు పొద్దున మొహం కడుక్కుంటుంటే సబ్బు వాసన రాలేదు. జలుబనుకున్నాను. ఆవిరి పట్టాను. వారం గడిచింది, నెల గడిచింది, జలుబు లేదు, వాసనా లేదు. అన్నం నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను తొట్టిలోకి దింపుతారని భయం ఒకటి. దానికంటే పెద్దది ఇంకోటి ఉంది, ఇప్పుడు దాచి ఏం లాభం. ముక్కు పోయిన ముక్కమ్మని చూసి లోకం నవ్వుతుందని నా భయం. ఆ ముక్కు తప్ప నాకు ఈ లోకంలో ఇంకో గొప్ప లేదు.

కొన్నాళ్ళు కంటితో నెట్టుకొచ్చాను. మైనం కాలితే చుక్కలు చుక్కలుగా కారుతుంది. తీపి కాలితే మసి రేగుతుంది. ఘాటు దగ్గరే వచ్చింది చిక్కు. మంట అంచున కాస్త పచ్చగా ఉంటుందంటారు గానీ పట్టపగలు ఆ పచ్చ ఎవరికి కనిపిస్తుంది? ఘాటు అనిపించినవన్నీ పక్కన పడేస్తూ వచ్చాను. మంచి సరుకు కూడా పారేస్తున్నావేంటి ముక్కమ్మా అని మేస్త్రి రెండు సార్లు అడిగాడు. నా ముక్కుకే వంకలు పెడతావా అని ఎదురు తిరిగాను. పాపం, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నా కొడుకు లారీ డ్రైవరు, రేవు నుంచి ఆ ఇనప పెట్టెల్ని తెచ్చేది వాడే, వారానికి రెండు రోజులు ఇంట్లో కనిపిస్తే గొప్ప. కాబట్టి లెక్కకి ముగ్గురమే గానీ ఉండేది నేనూ, కోడలూ. కోడలు కూడా యార్డులోనే, డబ్బాల మీద కాగితాలు గీకే పని. ఆ పిల్లకి నోరు తక్కువ, నవ్వు ఎక్కువ. నేను వంద మాటలు అంటే ఒక్క మాట అనేది, ఆ ఒక్కటీ నా వందకీ సరిపోయేది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని సామెత కదా. ఓసారి నా చేతిలో గాజు గ్లాసు పగిలితే, "ఇది పాతదే కదండీ అత్తయ్యా, నేను రేపు కొత్తది పగలగొడతాను" అంది. నవ్వాపుకోలేక చచ్చాను.

పెళ్ళయిన అయిదేళ్ళకి కోడలు నెల తప్పింది. అయిదేళ్ళు ఎదురుచూసిన కడుపు అది. నా కొడుకు ఆ వారం లారీని మూడు రోజులు రేవులోనే వదిలేసి ఇంట్లో కూర్చుని, యజమాని చేత తిట్లు తిని, నవ్వుతూ వెళ్ళాడు. నేను పాత బట్టలు ఏరి, ఉతికి, చిన్న చిన్న చదరాలుగా చింపి పెట్టెలో దాచడం మొదలుపెట్టాను.

కోడలికి వేవిళ్ళు రెండు నెలలకే తగ్గాయి గానీ ముక్కు మాత్రం పదునెక్కింది. వీధి చివర ఎవరో తలకి నూనె రాసుకుంటే మా గుమ్మంలో మొహం ముడుచుకునేది. కడుపుతో ఉన్నవాళ్ళకి అలా ఉంటుందని అందరికీ తెలిసిందే. నా సంగతి బయటపడింది కూడా ఆ ముక్కు వల్లే. ఓ సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే కూర్చుని గుడ్డలు మడత పెడుతున్నాను. కోడలు వీధిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి గిన్నె దించేసింది. అడుగంతా మాడి నల్లబడింది. నేను మూరెడు దూరంలో ఉన్నాను. ఆ పిల్ల గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. గిన్నె తీసుకెళ్ళి బూడిద పెట్టి తోమడానికి కూర్చుంది.

మర్నాడు యార్డులో తన కత్తి, తన డబ్బాల గంప తెచ్చుకుని నా పీట పక్కన కూర్చుంది. తొట్టి దగ్గర నేల జారుతోందని మేస్త్రికి చెప్పిందట, కడుపుతో ఉన్న పిల్ల కదా అని అతనూ సరేనన్నాడు. నేను పీలిక అంటించి పొగ పీల్చి, ఏమీ తెలియక ఆలోచిస్తున్నాను. పక్కన చెక్క మీద కోడలి కత్తి పిడి టక్కుమంది. ఒక్కసారి. మళ్ళీ అంటించాను. టక్ టక్. కాసేపటికి అర్థమైంది. ఒకటి మైనం, రెండు తీపి, మూడు ఘాటు. తల ఎత్తకుండా కాగితం గీక్కుంటూ నా తరఫున వాసన చూస్తోంది.

ఇంటికి వెళ్తూ దారిలో గట్టిగానే అడిగాను, నీకెందుకే ఈ గొడవ అని. నవ్వింది. "మీరు ముక్కమ్మ కాకపోతే ఆ కోపమంతా ఇంట్లో నేనొక్కదాన్నే మోయాలి. నావల్ల కాదు అత్తయ్యా." అప్పుడే వద్దనాల్సింది. వద్దనలేదు. మర్నాడు కాస్త ముందే లేచి తన పీట నేనే తుడిచి పెట్టాను. సిగ్గులేకపోతే సరి.

అరువు సొమ్ము బరువు చేటు అంటారు. నాకు ఆ బరువేమీ తెలియలేదు, నిజం చెబుతున్నాను. మేస్త్రి మళ్ళీ నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. పక్క యార్డు వాళ్ళు మళ్ళీ సంచులతో వచ్చారు. టక్కు, టక్ టక్కు అంటూ నెలలు దొర్లిపోయాయి, కోడలి కడుపు ఒడిలో డబ్బా పెట్టుకోవడానికి కాస్త అడ్డం వచ్చేంత అయింది.

కోడలికి అయిదో నెలలో అవతలి దేశం కంపెనీ నుంచి ఎవరో చూడటానికి వస్తున్నారన్నారు. అలాంటివాళ్ళు రెండేళ్ళకోసారి వస్తారు, ఏ ఎండకా గొడుగు పట్టడం మా యజమానికి బాగా తెలుసు. ముందు రోజు నేలంతా కడిగించాడు. పొద్దున అందరికీ మాస్కులూ చేతి తొడుగులూ పంచారు, సాయంత్రం తిరిగిచ్చెయ్యాలని మరీ చెప్పి. బల్ల మీద తుపాకీలాంటి మిషనొకటి పెట్టారు. దాన్ని ప్లాస్టిక్ మీద ఆనిస్తే ఏ జాతో అదే చెబుతుందట. రెండేళ్ళుగా అది గుడ్డ కప్పుకుని మూలన పడుందని మాకందరికీ తెలుసు. నా పీట షెడ్డు వెనక్కి మార్చి, వాళ్ళు పోయేదాకా చప్పుడు చెయ్యొద్దన్నాడు మేస్త్రి. కోడలు కూడా నాతోనే వెనక్కి వచ్చింది.

వచ్చినావిడ ముప్ఫై ఏళ్ళ పిల్ల. గట్టి బూట్లు, మొహానికి మధ్యలో గుండ్రటి మూత ఉన్న తెల్లటి మాస్కు. తోడు ఒక పెద్దాయన, వాళ్ళ మాటలు మన భాషలోకి తిరగేసి చెప్పే అతను ఒకడు. ఆవిడ తుపాకీ పని చెయ్యడం చూస్తానందట. మేస్త్రి నొక్కాడు, తట్టాడు, ఊపాడు, అది కిమ్మనలేదు. కరెంటు సరిగా లేదని యజమాని నవ్వుతూ అంటుండగానే ఆవిడ మా పొగ చూసి షెడ్డు వెనక్కి వచ్చేసింది. నా ఎదురుగా గొంతుకూర్చుని కుప్పలోంచి ఒక పెరుగు డబ్బా తీసింది. దాని మీద నీలం రంగు ఆవు బొమ్మ ఉంది. ఆవిడ కళ్ళు ఇంతయ్యాయి. అదే పెరుగు వాళ్ళింట్లో రోజూ తింటారట, తిన్నాక డబ్బా తనే కడిగి వేరే బుట్టలో వేస్తుందట. బోలెడంత దూరం వచ్చి తన ఇంటి డబ్బా చూసిన సంతోషం ఆ పిల్ల కళ్ళలో దాగలేదు. అబద్ధమెందుకు, నాకూ ముచ్చటేసింది. ఇన్నేళ్ళూ సబ్బు పెట్టి తోమి పంపింది ఈవిడే కాబోలు అనుకున్నాను.

ఎలా పోలుస్తావో చూపించమంది. చూపించమంటే ఇక నన్నాపేదెవరు? ఆవు బొమ్మ అంచు కోసి, అంటించి, ఆర్పి, కళ్ళు మూసుకుని ఠీవిగా పొగ పీల్చాను. పక్కన టక్కుమంది. మైనం అని చెప్పాను. ఆవిడ చప్పట్లు కొట్టబోయింది. ఇంతలో గాలి తిరిగి పొగ ఆవిడ వైపు వెళ్ళింది. తోడొచ్చిన పెద్దాయన చటుక్కున ఆవిడ జబ్బ పట్టుకుని పది అడుగులు వెనక్కి లాగాడు. ఆవిడ రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుంది. మాటలు తిరగేసే అతను మాకు సంజాయిషీ చెప్పాడు, ఏమీ అనుకోవద్దని, ఆవిడ కడుపుతో ఉన్నారని, ఇలాంటి పొగ ఒక్క గుక్క కూడా లోపలికి పోకూడదని డాక్టరు గట్టిగా చెప్పారని.

అప్పుడు ఆవిడ చూపు నా కోడలి మీద పడింది. ముందు మొహం మీద, తర్వాత కడుపు మీద, తర్వాత ఒళ్ళోని కత్తి మీద. మాస్కు పైన ఆ కళ్ళలో సంతోషం పోయింది. ఏదో అడిగింది. యజమాని గబగబా ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, నా వైపే చూపిస్తూ మళ్ళీ అడిగింది.

"ఈమె కూడా రోజూ ఇక్కడే కూర్చుంటుందా అని మిమ్మల్నే అడుగుతున్నారు" అన్నాడతను.

ఇక్కడ కాస్త ఆగనివ్వండి. ఎన్నిసార్లు చెప్పుకున్నా నేను ఆగేది ఇక్కడే. యజమాని నా వంక చూస్తున్నాడు, మేస్త్రి చూస్తున్నాడు. వాళ్ళకి భయపడ్డానని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది గానీ, అది నిజం కాదు. అవునని అంటే ఎందుకని అడుగుతారు. కాగితం గీకే పిల్ల పొగ పక్కన ఎందుకు కూర్చుందని. అప్పుడు నా ముక్కు సంగతి బయటపడుతుంది. అదీ నా భయం. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి దానంతటదే నా ముక్కు మీదికి పోయింది.

"లేదండీ. నాకు అన్నం తెచ్చింది. ఇప్పుడే వెళ్ళిపోతుంది" అన్నాను.

కోడలు కత్తిని గంప కిందికి తోసి లేచి నిలబడింది. ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. వదిలి, తన మొహానికున్న మాస్కు తీసి నా కోడలి చేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు అలాగే పట్టుకుంది. పొగ వైపు రావద్దని, వచ్చినా ఇది పెట్టుకోమని చెప్పించింది. మంచి పిల్లే. ఆవిడ మంచిదే అని నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఆవిడ పెరుగు తింది, డబ్బా కడిగింది, ఆకు బొమ్మ చూసి నమ్మింది, నన్ను అడిగింది, నా మాట కూడా నమ్మింది.

ఆ సాయంత్రం మాస్కులన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు. ఆవిడిచ్చింది మాత్రం మాతో ఇంటికొచ్చింది. కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఓసారి పెట్టుకుని, అద్దంలో చూసుకుని నవ్వి, గోడకున్న మేకుకి తగిలించింది. అది పెట్టుకుంటే వాసన రాదు కదా. వాసన రాకపోతే నాకు దెబ్బ ఎలా కొడుతుంది?

పడుకోబోయే ముందు నెమ్మదిగా అడిగింది. "అత్తయ్యా, ఆ పొగ అంత చెడ్డదంటారా? ఆవిడకి వాళ్ళ డాక్టరు చెప్పాడు కదా."

"మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఆరుగుర్ని కన్నది. పొగ తగలకుండా పుట్టినవాళ్ళు ఎవరున్నారే మనలో" అన్నాను.

అది నా జవాబు. ఆ పిల్ల నన్ను నమ్మింది. నన్ను అందరూ నమ్ముతారు, అదేం ఖర్మో. చెప్పాక నాకే మనసు ఒప్పక, రేపట్నుంచి నువ్వు రావద్దులే అని కూడా అన్నాను. వద్దని ఒక్కసారే అన్నాను, అదీ తను కాదంటుందని తెలిసే. తెల్లారితే పెద్ద లోడు ఉందట కదా, ఇంకో నెల చూసి మానేస్తాలే అంది. సరే అని పక్కకి తిరిగి పడుకున్నాను.

ఆవిడ మా యార్డు గురించి బాగానే రాసినట్టుంది. నెల తిరిగేసరికి పెట్టెలు రెండింతలయ్యాయి. కట్టలు గేటు బయట రోడ్డు దాకా పేర్చారు. రోజుకి అయిదు వందల పొగలు. ఆ హడావుడిలో ఒక లోడు గింజలు నల్లగా వచ్చాయి. మైనంలో ఘాటు పడింది. మేస్త్రి అందరి ముందూ నా మీద అరిచాడు, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. ఇంటికొచ్చి ఆ కోపమంతా కోడలి మీద కక్కాను. నీకు శ్రద్ధ తగ్గింది, ధ్యాస ఎక్కడో పెట్టుకుని దెబ్బ కొడుతున్నావు, నా పరువు తీశావు అన్నాను. ఎప్పుడూ ఒక మాటతో నన్ను నవ్వించే పిల్ల ఆ రోజు నవ్వించలేదు. నిద్ర చాలడం లేదత్తయ్యా, రేపట్నుంచి జాగ్రత్తగా చూస్తాను అంది. మర్నాటి నుంచి పొగకి ఇంకా దగ్గరగా వంగడం మొదలుపెట్టింది. ఒక్కో పీలికని రెండోసారి అంటించమనేది. వంగి, కళ్ళు మూసుకుని, ఊపిరి లోపలిదాకా లాగి, అప్పుడు కొట్టేది దెబ్బ. శ్రద్ధ పెరిగిందని సంతోషించాను నేను. నా మొహానికి అంతకంటే ఏం తోస్తుంది.

ఏడో నెల నడుస్తోంది. పొద్దున పదకొండు గంటలవుతుందేమో. ఒక తెల్ల మూత కోసి అంటించి ఆర్పాను. టక్. మైనం వేసే ఎర్ర బుట్ట వైపు చెయ్యి చాపాను. టక్. ఆగాను. టక్. ఘాటు అన్న మాట, అనుకుని పారెయ్యబోయాను. టక్ అని ఇంకోటి వినిపించింది. మా లెక్కలో నాలుగు లేదు. తిరిగి చూస్తే కోడలు కత్తి పిడి బిగించి పట్టుకుని ఉంది. చెయ్యి వణుకుతూ చెక్కకి కొట్టుకుంటోంది. మొహం పాలిపోయింది. పీట తడిసింది.

సరుకు వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కొడుకు రేవు దారిలో ఉన్నాడు, వాడికి కబురు అందేసరికి మధ్యాహ్నం దాటింది. ఆడపిల్ల. నా రెండు అరచేతులూ కలిపితే అందులో సరిపోయేంత. గాజుపెట్టెలో పెట్టి గొట్టాలు తగిలించారు. ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదన్నాడు డాక్టరు. ఏం పని చేస్తారని అడిగితే చెప్పాను. కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత, రక్తం తక్కువ అని రాసుకుని, ఇలాంటివి జరుగుతుంటాయమ్మా అని వెళ్ళిపోయాడు. జరుగుతుంటాయి, నిజమే. మా యార్డు ఆడవాళ్ళు అదే మాట చెప్పారు, మాకూ ఒకటి పోయింది, మాకూ రెండు పోయాయి అని. అన్నేళ్ళు పక్క పక్కనే పని చేసి ఆ లెక్క నేనెప్పుడూ అడగలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఓడల వాళ్ళదీ, యజమానిదీ, ఆకు బొమ్మ వేసినవాళ్ళదీ ఎవరి పిడికెడు వాళ్ళకుంటుంది. నా పిడికెడు మాత్రం నాకు చాలా పెద్దదిగా కనిపిస్తోంది.

కొడుకు వచ్చి గాజు అవతల నిలబడి బిడ్డని చూశాడు. వాడు ఏడవలేదు. ఈ పెట్టె కూడా ఆ ఓడల వాళ్ళ దగ్గర్నుంచే వచ్చి ఉంటుందమ్మా అని, దాని మీదున్న రాత వేలితో చూపించాడు. తర్వాత మెట్ల మీదికి పోయి కూర్చున్నాడు.

మర్నాడు మూడు గంటలకి నర్సు బిడ్డని గుడ్డలో చుట్టి గొట్టాలు లేకుండా తెచ్చింది. ఇక మా చేతిలో ఏమీ లేదు, ఊపిరి ఉన్నంతసేపు తల్లి పట్టుకోవచ్చు అంది. నేను ఏరి ఉతికి చింపి దాచిన గుడ్డల్లోంచే ఒకటి ఇచ్చాను. పక్క మంచం దగ్గర ఒక ముసలామె మనవణ్ణి ఎత్తుకుని, వాడి తల మీద ముక్కు పెట్టి, అబ్బ ఈ వాసనకి లోకంలో దేన్నీ పోల్చలేమమ్మా అంటోంది. మమ్మల్ని చూసి నోరు మూసుకుని అటు తిరిగింది.

కోడలు ఆ మాట వింది. బిడ్డని ఎత్తి మాడు మీద ముక్కు ఆనించింది. మా పీట పక్కన వంగినట్టే కళ్ళు మూసుకుని ఊపిరి లోపలిదాకా లాగింది. ఇంకోసారి లాగింది. మూడోసారి లాగి తలెత్తింది.

"అత్తయ్యా, నాకేమీ తెలియడం లేదు. చాలా రోజులైంది తెలియక. మీకు చెప్పలేదు." బిడ్డని కాస్త నా వైపు జరిపింది. "మీరు చూసి చెప్పండి. ఎలా ఉంది?"

నాకు ముక్కు లేదని ఈ లోకంలో తెలిసిన మనిషి తనొక్కతే. మరిచిపోయిందో, తెలిసే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను వంగాను. మాడు మెత్తగా ముక్కుకి తగిలింది. వెచ్చగా ఉంది. అంతే, ఇంకేమీ లేదు. ఊపిరి ఎంత లాగినా అవతల ఏమీ లేదు. నా మనవరాలు మైనమో, తీపో, పాలో, ఏదో నాకు తెలియలేదు.

"పాల వాసన తల్లీ" అన్నాను. "పచ్చిపాల వాసన."

తల ఊపింది. కళ్ళు తెరవలేదు. "ఇంకా?"

"ఎండలో ఆరిన గుడ్డల వాసన."

"ఇంకా చెప్పండి."

వాన పడ్డ కొత్తల్లో మట్టి వాసన అన్నాను. అప్పుడే ఒలిచిన పండు వాసన అన్నాను. నా కొడుకు పుట్టినప్పుడు వాడి మెడ కింద వచ్చిన వాసన గుర్తు తెచ్చుకుని అది చెప్పాను. ముక్కు ఉన్న రోజుల్లో ఎరిగిన మంచి వాసనలన్నీ ఒకదాని వెనక ఒకటి వెతికి వెతికి చెప్పాను. కోడలు అన్నిటికీ తల ఊపుతూనే ఉంది. నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, బిడ్డ పోయి కాసేపయిందమ్మా అని చెప్పేదాకా నేను చెబుతూనే ఉన్నాను.